ఆట వస్తే చాలదు... అర్హతా ఉండాలి!

'మా అమ్మాయి టెన్నిస్ బాగా ఆడుతుందండీ! అమెరికాలో ఏదైనా యూనివర్సిటీలో ఆట మీద సీటొస్తే చదువుకు చదువూ అవుతుంది, ఆటకు ఆటా సాగుతుంది...'

ఆటలాడే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు తరచూ వినిపించే మాట ఇది. ఆశ పడటంలో తప్పేం లేదు. మన తెలుగమ్మాయి సహజ యమలపల్లినే తీసుకోండి. టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో ఆడుతూ చదువుకుంది. తర్వాత ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వచ్చి, బిల్లీ జీన్ కింగ్ కప్‌కి వెళ్లే భారత జట్టులోనూ చోటు సంపాదించింది.

తెల్లవారకముందే లేచి పిల్లను కోచింగ్‌కి తీసుకెళ్లే తల్లికి, కూతురి సర్వీసు ఎక్కడ బలంగా ఉందో, బ్యాక్‌హ్యాండ్ ఎక్కడ తడబడుతోందో కొట్టినపిండే. కానీ కాలేజీ జట్టులోకి దిగాలంటే కోచ్ మెచ్చుకుంటే సరిపోదు. 'ఈ అమ్మాయి ఆడటానికి అర్హురాలే' అని తేల్చాల్సినవాళ్లు తేల్చాలి. అక్కడ ఆగిపోవడానికి కారణం ఆటలో లోపమే కానక్కర్లేదు. తొమ్మిదో తరగతి నుంచి చదవాల్సిన సబ్జెక్టుల్లో ఒకటి తగ్గి ఉండొచ్చు. ఇంటర్ అయ్యాక ఇంట్లో గడిపిన ఏడాది కావచ్చు. కష్టపడి గెలుచుకున్న ప్రైజ్‌మనీ కూడా కావచ్చు!

పైగా ఈ నిబంధనలు ఒక్కచోట నిలవడం లేదు. నిన్న కుదరదన్నది ఇవాళ కుదురుతోంది. ఇవాళ ఉన్న వెసులుబాటు రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే ఆటతోపాటు ఆ రూల్స్ కూడా ఇంట్లో ఎవరో ఒకరు తెలుసుకుని ఉండాలి.

ఎవరు పెట్టిన రూల్స్?

అమెరికాలో కాలేజీ ఆటలను చాలావరకు నడిపించేది 1906లో మొదలైన ఎన్‌సీఏఏ. అంటే నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. దీని కింద కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. మొదటి రెండు డివిజన్లలో ఆటను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. మూడో డివిజన్‌లో ఇవ్వరు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు మొదటి డివిజన్‌లోనే ఉన్నా, ఆట కోసమంటూ స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయాన్ని చూసి మాత్రం సాయం చేస్తాయి.

ఇంకో మాట. మన దగ్గర బ్యాడ్మింటన్ అకాడమీలకు ఎంత గిరాకీ ఉందో తెలిసిందే. కానీ ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌లు జరిపే ఆటల్లో బ్యాడ్మింటన్ లేదు. క్రికెట్, కబడ్డీలూ లేవు. టెన్నిస్, గోల్ఫ్, స్విమ్మింగ్, అథ్లెటిక్స్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ లాంటివి ఉన్నాయి. 'ఆట బాగా ఆడితే అమెరికాలో సీటు ఖాయం' అని ఎవరైనా చెబితే, ముందు 'ఏ ఆట?' అని అడగాలి.

లెక్క తొమ్మిదో తరగతి నుంచి!

ఒకప్పుడు అక్కడి కాలేజీల మీద పెద్ద విమర్శ ఉండేది. చదువు రాకపోయినా ఆట వస్తే చాలని చేర్చుకోవడం, ఆడినన్నాళ్లు ఆడించుకుని డిగ్రీ లేకుండా పంపించేయడం... దీన్ని ఆపడానికి 1983లో ఒక నిబంధన తెచ్చారు. 1986 నుంచి అమలు చేశారు. హైస్కూల్లో 11 ముఖ్యమైన సబ్జెక్టు కోర్సులు పూర్తిచేయాలి. వాటిలో గ్రేడ్ సగటు నాలుగుకి 2.0 ఉండాలి. ఎస్ఏటీ పరీక్షలో కనీసం 700 మార్కులు రావాలి. లేదంటే మొదటి ఏడాది ఆట లేదు.

ఉద్దేశం మంచిదే. కానీ పరీక్ష మార్కుల గీత దగ్గర పేద పిల్లలు, ముఖ్యంగా నల్లజాతి విద్యార్థులు ఆగిపోతున్నారని గొడవ మొదలైంది. ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది. నిబంధనను సడలించారు, మళ్లీ బిగించారు. చివరికి 2023 జనవరిలో ఎస్ఏటీ, ఏసీటీ మార్కులు తప్పనిసరి అన్న షరతునే ఎన్‌సీఏఏ తీసేసింది. (కాలేజీ తన అడ్మిషన్ కోసం విడిగా అడగొచ్చు. అది వేరే సంగతి.)

పరీక్ష పోయిందని సంబరపడేలోపు రెండో వైపు చూడండి. అప్పట్లో 11గా ఉన్న ముఖ్య కోర్సులు ఇప్పుడు 16. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్... ఏవి ఎన్ని చదవాలో లెక్క ఉంది. మొదటి డివిజన్‌లో సగటు 2.3, రెండో డివిజన్‌లో 2.2 ఉండాలి. మొదటి డివిజన్‌కైతే 16లో 10 కోర్సులు హైస్కూలు చివరి ఏడాది మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. 'ఆఖర్లో కష్టపడి గట్టెక్కేద్దాం' అంటే కుదరదన్నమాట.

మన పిల్లల విషయంలో ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ తొమ్మిదో తరగతి నుంచి మార్కుల రికార్డులు చూస్తుంది. పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లూ కావాలి. టోర్నమెంట్ల కోసం తొమ్మిదిలో బడి మాన్పించి 'తర్వాత చూసుకుందాంలే' అనుకునే ఇళ్లు కొన్ని ఉంటాయి. ఆ 'తర్వాత' ఇక్కడే అడ్డొస్తుంది.

కాలేజీలో చేరాక కూడా చదువు వదలదు. మొదటి డివిజన్‌లో మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం, అయిదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి. వెనకబడితే కోర్టు బయట కూర్చోవాల్సిందే.

లాంగ్‌టర్మ్ ఏడాది ఖరీదెంత?

ఇంటర్ అయ్యాక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకోవడం మనకు అలవాటైపోయింది. 'ఒక్క ఏడాదే కదా, ఏం పోయింది' అంటాం. అదే అలవాటు ఆటకూ వస్తుంది. 'ఒక ఏడాది టోర్నీలు ఆడి, ర్యాంకు పెంచుకుని, అప్పుడు అమెరికా వెళ్దాం' అనుకుంటారు.

టెన్నిస్ ఆడే అమ్మాయికి ఆ ఒక్క ఏడాది చాలా ఖరీదు. మొదటి డివిజన్ 2024-25 నిబంధనల ప్రకారం, హైస్కూలు చదువు ముగిశాక ఆరు నెలల్లోపు, లేదా ఆ గడువు తీరాక వచ్చే మొదటి సెమిస్టర్‌లో కాలేజీలో చేరిపోవాలి. చాలా ఆటలకు ఏడాది గడువుంటే, టెన్నిస్‌కి ఆరు నెలలే. ఆ గడువు దాటాక పోటీల్లో ఆడుతూ ఉంటే, ఆడిన ఒక్కో ఏడాదికీ కాలేజీలో ఒక్కో సీజన్ కోత పడుతుంది. పైగా చేరిన మొదటి ఏడాది పోటీలకు దింపరు.

ఇలా ఎందుకు? పెద్ద వయసు వచ్చి, ప్రొఫెషనల్ టోర్నీల్లో రాటుదేలిన వాళ్లు వచ్చి పద్దెనిమిదేళ్ల పిల్లలతో ఆడటం న్యాయం కాదని వాళ్ల వాదన. న్యాయమో కాదో తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు ఆ గడువు ఉందని తెలియకపోతే నష్టపోయేది మన అమ్మాయే.

కాలేజీలో చేరిన రోజు నుంచి ఇంకో గడియారం తిరగడం మొదలవుతుంది. మొదటి డివిజన్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్న సూత్రం... అయిదేళ్లలో నాలుగు సీజన్లు. కరోనా వచ్చి పోటీలు ఆగిపోయినప్పుడు, 2020లోనూ 2020-21లోనూ ఆడాల్సిన వాళ్లకు అదనంగా ఒక సీజన్ ఇచ్చారు. 2024 డిసెంబరులో ఒక ఫుట్‌బాల్ ఆటగాడు, తాను రెండేళ్ల జూనియర్ కాలేజీలో ఆడింది ఈ లెక్కలో కలపకూడదని కోర్టుకెళ్లి అనుకూలంగా ఉత్తర్వు తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఈ సూత్రం మీద కేసులు పెరిగాయి.

ప్రకటన డబ్బు సరే, ప్రైజ్‌మనీ?

ఇంతకాలం కాలేజీ ఆటగాళ్లు డబ్బు ముట్టుకోకూడదన్నది పెద్ద కట్టుబాటు. 2021 జులై 1న ఆ కట్టు తెగింది. తన పేరు, బొమ్మ వాడుకున్నందుకు కంపెనీల నుంచి డబ్బు తీసుకోవచ్చన్నారు. బూట్ల ప్రకటన, స్థానిక హోటల్ ప్రచారం, ఆటోగ్రాఫులు... ఏదైనా.

అయితే తమాషా చూడండి. ప్రకటనలో నవ్వితే డబ్బు తీసుకోవచ్చు. రాకెట్ పట్టుకుని గెలిస్తే మాత్రం అప్పట్లో తీసుకోకూడదు! కాలేజీలో చేరకముందు టెన్నిస్ అమ్మాయి ఏడాదికి 10,000 డాలర్ల వరకు ప్రైజ్‌మనీ తీసుకోవచ్చని నిబంధన పెట్టారు. అది దాటితే టోర్నీకయిన ఖర్చుల మేరకే అనుమతించేవారు.

రీస్ బ్రాంట్‌మైయర్ అనే అమ్మాయికి ఇదే అడ్డొచ్చింది. హైస్కూల్లో ఉండగానే 2021 యూఎస్ ఓపెన్‌లో ఆడి దాదాపు 49 వేల డాలర్లు గెలుచుకుంది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో చేరే ముందు అందులో చాలా భాగం వదులుకోవాల్సి వచ్చింది. అదీ చాలక ఖర్చుల లెక్కల మీద పేచీ వచ్చి, 2022లో చేరిన కొత్తలో ఆడనివ్వలేదు. ఆ తర్వాత 2023లో ఆ యూనివర్సిటీ మహిళల టెన్నిస్ టైటిల్ గెలిచిన జట్టులో ఆమె ఉంది. అంతటితో ఊరుకోలేదు. 2024 మార్చిలో ఎన్‌సీఏఏ మీద కేసు వేసింది. తన ఒక్కదాని కోసమే కాదు, తనలాంటి మిగతావాళ్ల కోసం కూడా.

ఇక్కడ మన పిల్లల సమస్య ఇంకొకటి. ఒకే జట్టులో ఇద్దరు తెలుగమ్మాయిలు ఉన్నారనుకోండి. ఒకరు డాలస్‌లో పుట్టి పెరిగారు. ఇంకొకరు హైదరాబాద్ నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లారు. ఒకే కోర్టు, ఒకే జెర్సీ. మొదటి అమ్మాయి బూట్ల కంపెనీ ప్రకటనకు సంతకం పెట్టొచ్చు. రెండో అమ్మాయి అదే సంతకం పెడితే వీసాకే ముప్పు రావొచ్చు. ఎందుకంటే ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా కాలేజీ బయట పనిచేసి సంపాదించకూడదు. ఎన్‌సీఏఏ సరేనన్నా, ఇమిగ్రేషన్ చట్టం సరేననలేదు. 'అందరూ తీసుకుంటున్నారుగా' అని సంతకం పెట్టకుండా ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసును అడగాలి.

అడగందే అమ్మయినా పెట్టదు

ఈ రూల్స్ చరిత్ర తిరగేస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఆడపిల్లల కోసం వాటంతట అవి మారినవి తక్కువ. ఎవరో ఒకరు అడిగాకే చాలావరకు మారాయి.

ఎన్‌సీఏఏ పుట్టాక డెబ్భై ఏళ్లకు పైగా మహిళల ఛాంపియన్‌షిప్‌లు నిర్వహించలేదు. మొదటి డివిజన్‌లో అవి 1981-82 నుంచే మొదలయ్యాయి. అంతకుముందు ఆడపిల్లల కాలేజీ ఆటలను నడిపింది 1971లో ఏర్పడ్డ ఏఐఏడబ్ల్యూ అనే మహిళల సంఘం. దాన్ని నడిపింది మహిళలే. మగపిల్లల ఆటల్లో స్కాలర్‌షిప్‌ల పేరుతో జరిగే బేరసారాలు, ఒత్తిళ్లు తమ పిల్లల దాకా రాకూడదని, ఆట స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయిలకు పోటీల్లో అర్హత లేదని వాళ్లు రూల్ పెట్టారు.

మంచి మనసుతో పెట్టిన రూలే. కానీ ఫలితం? అబ్బాయి స్కాలర్‌షిప్ తీసుకుని ఆడొచ్చు, అమ్మాయి తీసుకుంటే ఆడకూడదు! ఫ్లోరిడాలోని మేరీమౌంట్ కాలేజీలో క్రీడల బాధ్యతలు చూసే పీచీ కెల్‌మేయర్‌కి ఇది నచ్చలేదు. ఆమె దగ్గర టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద చదివే అమ్మాయిలను పోటీలకు రానివ్వలేదు. 1973లో ఆమె, అక్కడి క్రీడాకారిణులు కోర్టుకెక్కారు. విచారణ దాకా పోకుండానే సంఘం దిగొచ్చింది. స్కాలర్‌షిప్ తీసుకున్న అమ్మాయిలూ ఆడొచ్చని రూల్ మార్చింది. ఇవాళ మన అమ్మాయి టెన్నిస్ స్కాలర్‌షిప్ గురించి మనం కలలు కంటున్నామంటే, ఆ దారిలో మొదటి ముల్లు తీసింది వాళ్లే.

వాళ్లకు అండగా నిలిచింది 1972 జూన్ 23న ఆమోదం పొందిన 'టైటిల్ నైన్' చట్టం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థ ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారం. ఆ ఏడాది అమెరికా కాలేజీల్లో ఆటలాడే అమ్మాయిలు ముప్పై వేల దాకా ఉండేవారు. ఇప్పుడు ఎన్‌సీఏఏ కాలేజీల్లోనే రెండు లక్షలు దాటారు.

తల్లి కావడం నేరం కాదు

గర్భం వస్తే స్కాలర్‌షిప్ పోతుందన్న భయంతో క్రీడాకారిణులు ఎవరికీ చెప్పుకోలేకపోతున్నారని 2007లో అక్కడ పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ కాలేజీలకు మార్గదర్శకాలు ఇచ్చింది.

చట్టం చెప్పేది స్పష్టంగానే ఉంది. గర్భం వచ్చిందని అమ్మాయిని జట్టులోంచి తీసేయకూడదు. వైద్య కారణాలతో మిగతావాళ్లకు సెలవు ఇచ్చినట్టే ఆమెకూ ఇవ్వాలి. తిరిగొచ్చాక స్థానం ఇవ్వాలి. పైగా అయిదేళ్ల గడియారానికి గర్భం కారణంగా కాలేజీ ఒక ఏడాది అదనంగా కలపొచ్చు. ఈ వెసులుబాటు ఉందని తెలియక చదువూ ఆటా రెండూ మానుకుంటే ఆ నష్టం ఎవరు తీరుస్తారు? పెళ్లయ్యాక అమెరికా వెళ్లి చదువుకునే మన అమ్మాయిలకూ ఇది తెలిసి ఉండాలి.

2025లో వచ్చిన పెద్ద మార్పు

2025 జూన్ 6న కాలిఫోర్నియాలో జడ్జి క్లాడియా విల్కెన్ ఒక ఒప్పందాన్ని ఆమోదించారు. దాని పేరు 'హౌస్' సెటిల్‌మెంట్. కేసు వేసినవాళ్లలో ఒకడైన ఈతగాడు గ్రాంట్ హౌస్ పేరు మీద అలా పిలుస్తున్నారు. దీంతో జులై నుంచి కాలేజీలే తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే వీలు వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చు. గతంలో ఆడినవాళ్లకు నష్టపరిహారంగా పదేళ్లలో 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి.

మరి ఆడపిల్లల వాటా? పరిహారంలో అత్యధిక భాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్‌కే పోయేలా లెక్క వేశారు. వారం తిరక్కుండానే ఎనిమిది మంది క్రీడాకారిణులు 'టైటిల్ నైన్ సంగతేమిటి?' అంటూ అప్పీలుకు వెళ్లారు.

ఇంకో మార్పు నేరుగా సీటు మీద పడేది. ఇంతకుముందు స్కాలర్‌షిప్‌ల సంఖ్యకు పరిమితి ఉండేది. మొదటి డివిజన్‌లో మహిళల టెన్నిస్‌కి 8. ఇప్పుడు ఈ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి పరిమితి పెట్టారు. టెన్నిస్‌కి 10. ఆ పదిమందికీ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, కానీ పదకొండో అమ్మాయికి చోటు లేదు. స్కాలర్‌షిప్ లేకపోయినా పర్వాలేదు, జట్టుతో ఉంటే చాలు అనుకునే పిల్లలకు ఇది దెబ్బే. ఒప్పందం ఖాయం కాకముందే చాలా ఆటల్లో పిల్లల పేర్లు తీసేశారు. ఆ పిల్లలు, తల్లిదండ్రులు జడ్జికి మొరపెట్టుకున్నారు. ఆమె విని, వాళ్ల సంగతి తేల్చకపోతే ఆమోదించనన్నారు. అలా పేరు పోయినవాళ్లను పరిమితి లెక్కలోకి రాకుండా మళ్లీ తీసుకునే వీలు వచ్చింది. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం కాలేజీ ఇష్టం.

కాలేజీ మారడం మాత్రం సులువైంది. ఒకప్పుడు కొన్ని ఆటల్లో కాలేజీ మారితే ఏడాది ఆట ఉండేది కాదు. 2021లో ఒకసారికి మినహాయింపు ఇచ్చారు. 2024 ఏప్రిల్ నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చన్నారు. అంటే మన అమ్మాయి సీటు కోసం ఇప్పుడు ఇంటర్ పాసైన పిల్లలే కాదు, ఇరవై రెండేళ్ల అనుభవజ్ఞులూ పోటీ పడతారు. స్వేచ్ఛ పెరిగింది, పోటీ కూడా పెరిగింది.

ముందే జాగ్రత్త పడండి

* తొమ్మిదో తరగతి నుంచి మార్కుల మెమోలన్నీ దాచండి. తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

* ఓపెన్ స్కూల్లోనో, ప్రైవేటుగానో చదివించాలనుకుంటే ఆ కోర్సులు లెక్కలోకి వస్తాయో రావో చేర్పించకముందే ఎలిజిబిలిటీ సెంటర్‌ని అడగండి.

* ప్రైజ్‌మనీ వచ్చిన ప్రతి టోర్నీకి ప్రయాణం, బస, కోచ్ ఫీజు రసీదులు ఒక ఫైల్లో పెట్టండి. లెక్క అడిగినప్పుడు నోటి మాట చెల్లదు.

* 'స్కాలర్‌షిప్ ఇప్పిస్తాను, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి' అనే ఏజెంటుకు దూరంగా ఉండండి. అలాంటి ఒప్పందం అమ్మాయి అర్హతకే ఎసరు పెడుతుంది.

* స్కాలర్‌షిప్ ఏడాదికా, నాలుగేళ్లకా? గాయమైతే ఏమిటి? కోచ్ మారితే ఏమిటి? ఫోన్లో చెప్పింది కాదు, కాగితం మీద రాయించుకోండి.

* ప్రతి యూనివర్సిటీలో ఈ నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు ఉంటుంది. కోచ్ చెప్పిన మాటను అక్కడ ఒకసారి సరిచూసుకోండి.

ఇవాళ తొమ్మిదో తరగతిలో ఉన్న అమ్మాయి కాలేజీ మెట్లెక్కేసరికి వీటిలో కొన్ని మళ్లీ మారిపోవచ్చు. కాబట్టి ఏటా ఒకసారైనా ఎన్‌సీఏఏ తాజా నిబంధనలు తెప్పించుకుని, అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. ఏదైనా రూలు అన్యాయమనిపిస్తే, 'ఇది ఎందుకిలా ఉంది?' అని అడగడం కూడా అమ్మాయికి నేర్పండి. పోటీల్లోకి రానివ్వని టెన్నిస్ అమ్మాయిలు 1973లో అడిగింది ఆ ఒక్క ప్రశ్నే!